అందుకునేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు

పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే బోరులోంచి నీళ్లు పైకొచ్చి ట్యాంకులో పడతాయి. ట్యాంకు చుట్టూ ప్రకటనల బోర్డులు పెడతారు, వాటి మీద వచ్చే ఆదాయంతో పంపు మరమ్మతులు జరుగుతాయి. దక్షిణాఫ్రికాలో మొదలైన ‘ప్లేపంప్’ ఆలోచన ఇది. వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2000లో ప్రపంచ బ్యాంకు పోటీలో దీనికి బహుమతి వచ్చింది. 2006లో అమెరికా ప్రభుత్వమూ ప్రైవేటు దాతలూ కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు బిగించాలన్నది లక్ష్యం.

ఆ లక్ష్యం నెరవేరలేదు. అనుకున్నట్టు ఒక్కో పంపు 2,500 మందికి నీళ్లివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక బ్రిటిష్ పత్రిక 2009లో లెక్క కట్టింది. ఉన్నవే 24 గంటలు! పిల్లలు బడికి వెళ్లినప్పుడూ, ఆట మీద మోజు తీరాకా ఆ బరువైన చక్రాన్ని తిప్పే పని ఆడవాళ్ల మీద పడింది. అప్పటిదాకా వాడుకుంటున్న చేతిపంపును పీకేసి దీన్ని బిగించిన చోట్ల మళ్లీ పాతదానికి వెళ్లే వీలు కూడా లేకపోయింది.

ఇంత సాదా లెక్క అన్నేళ్లు ఎవరికీ తట్టకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. మామూలు వ్యాపారంలో సరుకు బాగోకపోతే కొనేవాడు మళ్లీ రాడు, గల్లాపెట్టె ఖాళీ అవుతుంది. యజమానికి ఆ కబురు అందడానికి ఏ సర్వేలూ అక్కర్లేదు. ప్లేపంపుకు డబ్బు కట్టింది నీళ్లు మోసుకెళ్లే ఆడవాళ్లు కాదు, వేల మైళ్ల దూరాన ఉన్న దాతలు. దాతలకు చేరింది నవ్వుతూ తిరుగుతున్న పిల్లల ఫొటోలు. ఫొటోలు బాగున్నంత కాలం డబ్బు వచ్చింది. చక్రం తిప్పలేక చేతులు నొప్పి పుట్టిన ఆవిడకు ఆ డబ్బును ఆపే శక్తి లేదు.

పేదరికం మీదో, సామాజిక సమస్య మీదో పనిచేసే ఏ సంస్థకైనా పుట్టుకతో వచ్చే చిక్కు ఇదే. సేవ అందుకునేవారు ఒకరు, ఖర్చు భరించేవారు ఇంకొకరు. ఇలాంటి సమస్యలకు వ్యాపార పద్ధతిలో పరిష్కారం వెతికే సామాజిక వ్యాపారవేత్తల గురించి రాసేటప్పుడు వాళ్ల పట్టుదల, త్యాగం, దూరదృష్టి వగైరాల దగ్గర చాలామంది ఆగిపోతారు. అవన్నీ ఉన్నవాళ్లే ప్లేపంపునూ నడిపారు. నిలబడిన సంస్థలకూ కూలిపోయిన సంస్థలకూ తేడా చూడాలంటే, అందుకునేవారికీ ఖర్చు భరించేవారికీ మధ్య దూరాన్ని ఎవరు ఎలా పూడ్చారో చూడటం మేలు.

పేదవాళ్లే కట్టే పద్ధతి

అన్నిటికన్నా సూటి మార్గం, సేవ అందుకునేవారి దగ్గరే డబ్బు తీసుకోవడం. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ముహమ్మద్ యూనస్ 1976లో పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో 42 మందికి 27 డాలర్లు అప్పిచ్చారు. ఒక్కొక్కరికి కాదు, అందరికీ కలిపి. వెదురు బుట్టలు, పీటలు అల్లేవాళ్లు ముడిసరుకు కోసం వ్యాపారి దగ్గర అప్పు చేసి, అల్లిన సరుకును అతను చెప్పిన ధరకే అతనికి అమ్మేవాళ్లు. ఆ ముడి తెగడానికి ఆ కాస్త డబ్బు చాలింది. ఆ ప్రయోగమే 1983లో గ్రామీణ్ బ్యాంక్ అయింది. ఆస్తి తాకట్టు లేకుండా, ఎక్కువగా మహిళలకు, చిన్న బృందాలుగా కూర్చోబెట్టి అప్పులిచ్చి వారం వారం వసూలు చేసే పద్ధతి అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 2006లో యూనస్‌కూ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

దీనిలో గొప్ప సుగుణం, దాతల మూడ్ మీద ఆధారపడాల్సిన పని లేకపోవడం. వడ్డీ ఆదాయంతో సంస్థ నడుస్తుంది, పెరుగుతుంది. అయితే అప్పు తిరిగి కట్టారంటే బాగుపడ్డారని అర్థమా? ఈ ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. భారత్, మెక్సికో, మొరాకో, ఇథియోపియా, మంగోలియా, బోస్నియాల్లో జరిగిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేచోట అచ్చయ్యాయి. అప్పు అందుబాటులోకి వచ్చిన ప్రాంతాలనో మనుషులనో, రానివాటితో లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పోల్చిన అధ్యయనాలవి. కొందరు వ్యాపారం పెంచుకున్నారు, ఖర్చుల మీద, సమయం మీద కాస్త పట్టు దొరికింది. సగటు కుటుంబం ఆదాయం మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. సూక్ష్మ రుణం, అంటే పేదలకిచ్చే ఇలాంటి చిన్న అప్పు, పనికిరాదని దీనర్థం కాదు. అది చేయగలిగింది ఒకటైతే, దాని పేరు మీద జరిగిన ప్రచారం వేరొకటి.

అప్పు ఎంత ఇచ్చారనే దానికన్నా ఎలా ఇచ్చారనేది ఎక్కువ తేడా తెస్తుంది. పశ్చిమ కెన్యాలో 2006లో మొదలైన వన్ ఏకర్ ఫండ్ రైతులకు నగదు ఇవ్వదు. విత్తనాలు, ఎరువులు అప్పు మీద ఇచ్చి, ఇంటికి నడిచి వెళ్లేంత దూరానికి తెచ్చి పెడుతుంది. విత్తే దూరం, ఎరువు మోతాదు పొలంలో చూపిస్తుంది. వారం వారం కిస్తీ లేదు. గడువులోపు ఎప్పుడు వీలైతే అప్పుడు, ఎంత ఉంటే అంత కట్టొచ్చు. పంట చేతికి రాని నెలల్లో వారానికోసారి ఎవరో వచ్చి గుమ్మం ముందు నిలబడితే రైతుకు ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు ఇది.

కెన్యాలోనే 2011లో వచ్చిన ఎం-కోపా సోలార్ దీపాలను ఇలాగే ఇంకో కోణంలో అమ్మింది. మొదట కొద్దిగా కట్టి పరికరం ఇంటికి తీసుకెళ్లొచ్చు. మిగిలింది రోజూ కొంచెం కొంచెం మొబైల్ ద్వారా కట్టాలి. ఆ రోజువారీ మొత్తం, కిరోసిన్‌కు ఎలాగూ అయ్యే ఖర్చుకు అటూ ఇటూగా ఉండేలా చూశారు. కొత్త ఖర్చు నెత్తిన పెట్టకుండా పాత ఖర్చు స్థానంలో దూరారన్నమాట. కట్టకపోతే పరికరంలోని సిమ్ ద్వారా దీపం ఆగిపోతుంది, కట్టగానే మళ్లీ వెలుగుతుంది. వసూళ్లకు మనుషులను తిప్పే బాధ తప్పింది కాబట్టే అంత చిన్న మొత్తాలతో వ్యాపారం గిట్టుబాటైంది. చేతిలో డబ్బు లేని రోజే దీపం కూడా ఆరిపోతుందన్న సంగతిని మాత్రం ఇలాంటి కంపెనీల కరపత్రాలు పైకి చెప్పవు.

ధర పెట్టాలా వద్దా

ఉచితంగా ఇస్తే విలువ తెలియదు, కాస్తయినా డబ్బు తీసుకుంటేనే శ్రద్ధగా వాడతారు అనే మాట ఈ రంగంలో చాలాకాలం వేదవాక్యంలా చలామణీ అయింది. కెన్యాలో గర్భిణుల ఆరోగ్య కేంద్రాల్లో దోమతెరల మీద జెస్సికా కోహెన్, పాస్కలిన్ దుపా దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఉచితంగా ఉన్న తెరకు 60 సెంట్ల ధర పెడితే తీసుకునేవారు 60 శాతం పాయింట్ల మేర పడిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు కొన్నవాళ్ల కంటే తక్కువేమీ వాడలేదు.

మలేరియా దోమతెర సంగతే వేరు. ఒక ఇంట్లో వాడితే దోమలు తగ్గి పక్కింటికీ మేలు జరుగుతుంది. అలాంటి వస్తువుకు ధర పెడితే నష్టపోయేది కొననివాళ్లు ఒక్కరే కాదు. తాగునీటి శుద్ధి కూడా ఇలాంటిదే. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ నీటిని శుద్ధి చేసే పొడి పొట్లాలను పేదల మార్కెట్ కోసం తయారుచేసింది. వస్తువు బాగా పనిచేసేది, ధర తక్కువే, ప్రచారానికి కొదవ లేదు. అయినా ఒకసారి కొన్నవాళ్లలో మళ్లీ కొన్నవాళ్లు చాలా తక్కువ. కొన్నేళ్లకే కంపెనీ ఆ వస్తువును లాభాల ఖాతాలోంచి తీసి దాతృత్వ విభాగానికి మార్చింది. ఈ రోజు తాగిన మురికి నీటికి రేపో ఎల్లుండో జబ్బు వస్తే, రెండింటినీ ముడిపెట్టి చూడటం కష్టం. దీపం అలా కాదు. స్విచ్ వేసిన క్షణంలో ఫలితం కళ్ల ముందుంటుంది.

అందుకే ఒకే సంస్థ సోలార్ దీపం అమ్మిన పద్ధతిలో నీటిని శుద్ధి చేసే క్లోరిన్ అమ్మబోతే బోల్తా పడుతుంది. కొనేవాడికి లాభం వెంటనే కనబడి, అది అతని ఇంటికే పరిమితమైతే ధర పెట్టొచ్చు. రోగ నివారణ లాంటి వాటికి ఖర్చు ఇంకెక్కడి నుంచో రావాలి.

రెండో బల్ల మీది రోగి

ఆ ‘ఇంకెక్కడో’ ఎక్కడుందో అందరికంటే తెలివిగా కనిపెట్టింది అరవింద్ కంటి ఆసుపత్రి. ప్రభుత్వ సర్వీసు నుంచి 58 ఏళ్లకు రిటైరైన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఆ మనిషి ఆ చేతులతోనే శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. డబ్బున్నవాళ్లు కట్టిన ఫీజుతో లేనివాళ్లకు ఉచితంగా చూపునివ్వడం ఆసుపత్రి సూత్రం. వినడానికి మామూలు ధర్మాసుపత్రిలాగే ఉంది. కాదని తెలియాలంటే ఆపరేషన్ థియేటర్ లోపలికి వెళ్లాలి.

అక్కడ సర్జన్‌కు రెండు బల్లలు ఉంటాయి. ఒకదాని మీద ఆపరేషన్ జరుగుతుండగా రెండోదాని మీద ఇంకో రోగిని పడుకోబెట్టి, కన్ను శుభ్రం చేసి, పరికరాలు సర్ది సిద్ధంగా ఉంచుతారు. మొదటిది పూర్తవగానే సర్జన్ మైక్రోస్కోపును ఇటు తిప్పుకుంటారు. మధ్యలో ఖాళీ సమయం దాదాపు ఉండదు. సర్జన్ మాత్రమే చేయగలిగిన పని తప్ప మిగతాదంతా గ్రామాల నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు చూసుకుంటారు. ఈ పద్ధతిలో ఒక్కో డాక్టరు ఏటా చేసే ఆపరేషన్లు మామూలు ఆసుపత్రులతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. కంట్లో అమర్చే లెన్స్ దిగుమతి చేసుకుంటే లెక్క కుదరదని 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంతంగా తయారీ మొదలుపెట్టి, దాని ధరను ఎన్నో రెట్లు దించారు.

ఇక్కడ ఉచిత రోగి సంస్థకు భారం కాదు. అన్ని ఆపరేషన్లు చేయబట్టే డాక్టర్ల చేయి తిరిగింది, చేయి తిరగబట్టే డబ్బు కట్టగలిగినవాళ్లు కూడా అక్కడికే వస్తారు. వాళ్లు అదనంగా కట్టేది గది, ఇతర సౌకర్యాల కోసం. డాక్టర్లు ఉచిత విభాగంలోనూ ఫీజు విభాగంలోనూ వంతులవారీగా పనిచేస్తారు. డబ్బు కట్టే రోగికి ఎప్పుడైనా లేచి వెళ్లిపోయే హక్కుంది కదా, ఆ హక్కే ఉచిత రోగికి అందే వైద్యాన్ని కూడా కాపలా కాస్తుంది.

ఉచితం అన్నా రోగులు రారని కూడా వాళ్లు తొందరగానే గ్రహించారు. బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి, ఆ రోజుల్లో పోయే కూలి, అక్కడ తిండి... ఇవన్నీ కలిపితే ఉచిత ఆపరేషన్ పేదవాడికి ఉచితం కాదు. ఊళ్లలో శిబిరాలు పెట్టి, ఆపరేషన్ అవసరమైనవాళ్లను బస్సులో తీసుకెళ్లి, అన్నం పెట్టి, తిరిగి దింపే ఏర్పాటు అందుకే వచ్చింది.

ఈ నమూనాను కాపీ కొట్టాలని చూసినవాళ్లు ఎందరో. అన్ని జబ్బులకూ ఇది అతకదు. శుక్లాల ఆపరేషన్ చిన్నది, మళ్లీ మళ్లీ ఒకేలా చేసేది, ధనికులకూ పేదలకూ కూడా వచ్చే సమస్య. పేదలకు మాత్రమే వచ్చే జబ్బుకు ఫీజు కట్టే రోగులను ఎక్కడి నుంచి తేవాలి?

పెట్టుబడి ఎటు లాగుతుంది

సంస్థ కాస్త నిలదొక్కుకున్నాక మూడో మనిషి రంగంలోకి వస్తాడు. అతను పెట్టుబడిదారు. పది మందికి అందిన సేవ లక్షల మందికి అందాలంటే గ్రాంట్లు చాలవు. 2001లో మొదలైన అక్యుమెన్ లాంటి సంస్థలు తొందరపెట్టకుండా ఏళ్ల తరబడి వేచి ఉండే పెట్టుబడి పెడుతున్నాయి. అయితే ఎంత ఓపికున్న పెట్టుబడికైనా ఒక రోజు వాటా అమ్ముకుని బయటికి వెళ్లే దారి కావాలి.

మెక్సికోలో స్వచ్ఛంద సంస్థగా పుట్టిన కంపార్టమోస్ సూక్ష్మ రుణాల బ్యాంకుగా మారి 2007లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. పాత వాటాదారులు తమ వాటాల్లో కొంత అమ్ముకుని 40 కోట్ల డాలర్లకు పైగా పొందారు. రుణాల మీద వడ్డీ ఏటా 80 శాతానికి పైనే ఉంది. ఇది పేదల మీద లాభాలు గుంజడమేనని యూనస్ బహిరంగంగా విమర్శించారు. ఆ వడ్డీతోనే ఇంతమందికి అప్పు అందిందని సంస్థ వైపువారు వాదించారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2010లో జరిగింది ఇంకా చేదు. సూక్ష్మ రుణ సంస్థలు ఒకే ఊళ్లో, ఒకే ఇంటికి పోటీపడి అప్పులిచ్చాయి. ఆగస్టులో వాటిలో పెద్దదైన ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌లో నమోదైంది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. అంతకుముందు దాకా ఈ రంగం పెట్టుబడిదారులకు గర్వంగా చూపించిన అంకె, దాదాపు నూటికి నూరు శాతం ఉన్న వసూళ్ల రేటు. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు చేసినా ఆ అంకె చెక్కుచెదరదు. ప్లేపంపు దాతలకు ఫొటో ఎలాంటిదో పెట్టుబడిదారులకు ఈ రేటు అలాంటిది.

ఈ లాగుడును అడ్డుకోవడానికి చట్టాల్లో కొన్ని ఏర్పాట్లున్నాయి. బ్రిటన్ 2005లో తెచ్చిన కమ్యూనిటీ ఇంటరెస్ట్ కంపెనీ విధానంలో సంస్థ ఆస్తులకు తాళం ఉంటుంది. మూసేసినా, అమ్మినా ఆ ఆస్తి వాటాదారుల జేబుల్లోకి పోకుండా ప్రజా ప్రయోజనానికే చెందాలి. గ్రామీణ్ బ్యాంక్‌లో అత్యధిక వాటా అప్పు తీసుకున్నవాళ్లదే. సహకార సంఘాలదీ ఇదే దారి, పైగా చాలా పాతది. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 1844లోనే 28 మంది కలిసి తమ దుకాణం తామే పెట్టుకున్నారు. అందుకునేవాడే యజమాని అయితే మొదట చెప్పుకున్న చిక్కు చాలావరకు విడిపోతుంది. కానీ అలాంటి సంస్థల్లోకి బయటి పెట్టుబడి అంత సులువుగా రాదు, కాబట్టి ఎదుగుదల నెమ్మదిగానే ఉంటుంది.

తల్లికి గుర్తుంటేనే జీతం

ఎవరూ కొనని, ఎవరికీ అమ్మలేని సేవల మాటేమిటి? దీనికి బంగ్లాదేశ్‌లోనే ఫజ్లే హసన్ అబేద్ 1972లో స్థాపించిన బ్రాక్ ఇచ్చిన జవాబును ఇంకెవరూ మించలేదు. అప్పట్లో ఆ దేశంలో నీళ్ల విరేచనాలతో చనిపోయే పిల్లలు ఎక్కువ. ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు తాగిస్తే చాలామంది బతుకుతారు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఇంటింటికీ వెళ్లి తల్లులకు దీన్ని నేర్పాలని బ్రాక్ కార్యకర్తలను పెట్టింది.

ఇన్ని ఇళ్లు తిరిగితే ఇంత జీతం అని పెడితే ఏమవుతుందో ఊహించొచ్చు. పరుగున తిరుగుతారు, తల్లికి అర్థమైందో లేదో చూడరు. బ్రాక్ వేరే పద్ధతి పెట్టింది. కార్యకర్త వెళ్లిన కొన్ని వారాలకు వేరే మనుషులు వచ్చి, పదింట ఒక ఇంటిని ఎంచి, తల్లికి ఏం గుర్తుందో అడిగేవారు. ఆమె కలిపి చూపిన ద్రావణాన్ని ల్యాబులో పరీక్షించేవారు. ఆ ఫలితాన్ని బట్టే కార్యకర్త జీతం. తల్లి పైసా కట్టలేదు, అయినా కార్యకర్తకు ఎంత ముట్టాలో ఆమె జ్ఞాపకమే తేల్చింది.

ఇంకో మలుపు కూడా ఉంది. తల్లులకు బాగా గుర్తుంది గానీ బిడ్డకు జబ్బు చేసినప్పుడు చాలామంది వాడటం లేదని తేలింది. ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తలకే దాని మీద నమ్మకం లేదు. తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారు. వాళ్లను ఢాకాలోని కలరా పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి, ఆ నీళ్లు ఒంట్లో ఎలా పనిచేస్తాయో వివరించారు. పాఠం చెప్పేటప్పుడు కలిపిన నీళ్లను వాళ్లూ తాగాలన్నారు. ఇంటి పెద్ద మగవాళ్లనూ పాఠంలోకి లాగారు. 1990 నాటికి 1.2 కోట్లకు పైగా ఇళ్లకు ఈ పాఠం చేరింది.

అదే బ్రాక్ 2002లో, సూక్ష్మ రుణం కూడా అందుకోలేనంత పేదల కోసం ఇంకో కార్యక్రమం పెట్టింది. అప్పు లేదు. ఆవో మేకలో ఇచ్చి, కొన్నాళ్లు భృతి ఇచ్చి, పొదుపు నేర్పి, వారం వారం ఒకరు వచ్చి మంచీచెడ్డా కనుక్కునే ఏర్పాటు. ఆరు దేశాల్లో పరీక్షిస్తే, కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత కూడా లాభం నిలిచి ఉందని 2015లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. సూక్ష్మ రుణం చూపలేకపోయిన ఫలితమిది. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ, అదీ తిరిగి రానిది.

పెట్టుబడిదారుల లెక్కల్లో ఇలాంటి పనికి గడి ఉండదు. ఇంటింటి పాఠం ఎంత బాగా సాగితే అంత తొందరగా దాని అవసరం తీరిపోతుంది. బ్రాక్ దాన్ని దేశమంతా తిరిగి పూర్తి చేసి 1990లో ఆపేసింది. దోమతెరల విషయంలోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఉచిత పంపిణీ వైపు మొగ్గడంతో, ఆ తర్వాత చాలా దేశాల్లో ఆ పనిని అమ్మకందార్ల కన్నా ప్రభుత్వాలే అంతర్జాతీయ నిధులతో పెద్ద ఎత్తున చేపట్టాయి. మూతపడటమే లక్ష్యమైన సంస్థకు షేర్ మార్కెట్‌లో ధర కట్టలేరు. కాబట్టి దాని ఖర్చు పన్నుల్లోంచో విరాళాల్లోంచో రావాలి. సామాజిక వ్యాపారం పేరుతో జరిగే సభల్లో పెట్టుబడి మీద జరిగినంత చర్చ ఈ రెండో ఖాతా మీద జరగడం అరుదు.